ఎనభై ఆరు అంటే ఎంత?

డిసెంబరు నెలాఖరులో ఫైనల్ ఇయర్ వాళ్ల హాస్టల్ బ్లాకులో ఒకటే ప్రశ్న: "నీకెంత?" జవాబుగా ఒక అంకె వస్తుంది, దాని వెనక రెండు దశాంశాలు. తర్వాత ఇద్దరూ మాట మార్చేస్తారు. క్యాట్ ఫలితం వచ్చిన వారంలో జరిగే సంభాషణలు చాలావరకు ఇంతే. 99 వచ్చినవాడి గురించి అందరూ మాట్లాడతారు. 70, 80, 86, 91 వచ్చినవాళ్లు మాత్రం ఆ అంకెను జేబులో రాయిలా మోసుకుంటూ చివరి సెమిస్టర్‌లోకి నడుస్తారు.

ఈ వ్యాసం వాళ్ల కోసం, వచ్చే ఏడాది రాయబోయే జూనియర్ల కోసం. ఓదార్పు మాటలు ఇందులో తక్కువ, లెక్కలు ఎక్కువ. సాహితీ క్లబ్బు పత్రికలో లెక్కలేంటి అంటారేమో. నేను చెప్పదలుచుకున్నది నిజానికి భాష గురించే. మనకు వచ్చిన ఫలితం మన ఇంటి భాషలో లేని ఒక కొలతలో వస్తుంది. దాన్ని ఎవరూ మనకు విప్పి చెప్పరు, మనమూ ఇంట్లో విప్పి చెప్పం. విప్పి చెప్పుకుంటే ఆ రాయి అసలు బరువెంతో తెలుస్తుంది. అది తేలికే అని నేను అనను. కానీ మనం అనుకున్నంత బరువైతే కాదు.

1. శాతం వేరు, పర్సంటైల్ వేరు

శాతం అంటే వంద మార్కులకు మనకు వచ్చినవి. పర్సంటైల్ అంటే వందమంది వరుసలో మనం నిలబడ్డ చోటు. మొదటిది మన పనికి కొలత, రెండోది పక్కవాళ్లతో పోలిక. సూత్రం చిన్నదే:

పర్సంటైల్ = (రాసినవాళ్ల సంఖ్య − మన ర్యాంకు) ÷ రాసినవాళ్ల సంఖ్య × 100

2024 నవంబరు 24న ఐఐఎం కలకత్తా నిర్వహించిన క్యాట్‌ను దాదాపు 2.93 లక్షల మంది రాశారు. దీన్ని సూత్రంలో పెట్టి చూడండి. 99 పర్సంటైల్ అంటే ముందు సుమారు 2,930 మంది. 95 అంటే సుమారు 14,650 మంది. 86 అంటే సుమారు 41 వేల మంది ముందు, రెండున్నర లక్షల మంది వెనక.

పదో తరగతి నుంచి మనం చూసిన అంకెలన్నీ శాతాలు, గ్రేడ్లు, ర్యాంకులు. అందుకే 86 కనిపించగానే మనసు దాన్ని మార్కుల్లా చదువుతుంది. కోచింగ్ గ్రూపుల్లో తిరిగేవాళ్లయితే దానికి పూర్తి వ్యతిరేకంగా చదువుతారు: "99 కాకపోతే సున్నానే." రెండూ తప్పు చదువులే. ఆ పరీక్షలో మొత్తం మార్కులు 204. 68 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు. 86 పర్సంటైల్ వచ్చినవాళ్లకు 204లో 86 శాతం మార్కులేమీ రావు, అందులో మూడో వంతుకు అటూ ఇటూ వస్తాయి. అంటే ఇది ఎవరూ పూర్తిగా చేయలేనంత కష్టంగా కావాలనే పెట్టిన పేపరు. ఉన్న సీట్లకు మనుషులను వడకట్టడమే దాని పని.

2. ఇంట్లో ఎట్లా చెప్పాలె

మాది సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట. మా ఇంట్లో పర్సంటైల్ అనే మాట ఎవరూ వినలేదు. నా ఫలితం చెప్పినప్పుడు బాపు అడిగిన మొదటి ప్రశ్న, ఇట్లాంటి ఇళ్లన్నిట్లో అడిగేదే:

"వందల ఎనభై ఆరా? మంచిగనే అచ్చినయి గదరా. మరి మొకం గట్ల వెట్టినవేంది?"

"మార్కులు గావు బాపు. వరుసల నా జాగ అది."

"గట్లంటె?"

మన మండలంల వరి వెట్టిన రైతులందరిని తక్కువ పండినోళ్ల నుంచి ఎక్కువ పండినోళ్ల దాక వరుసల నిలవెట్టినమనుకో అన్నాను. వంద మందిల ఎనభై ఆరు మంది నా ఎనక, పద్నాలుగు మంది నా ముంగట. బాపు కాసేపు ఆలోచించి అడిగాడు:

"మరి నీకు ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు పండినయి?"

ఆ ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. వరుసలో చోటు సరే, అసలు దిగుబడి ఎంత అని అడుగుతున్నాడు. రెండు వందల నాలుగుల యాభై ఏడు అని చెప్పాను.

"అందరికి గట్లనే పండిందా?"

"శానమందికి అంతకన్న తక్కువనే."

"అయితె పంట గాలే అనకు. నువ్వు వోదామనుకున్న మార్కెట్ల ఆ సరుకు కొంటలేరు, గంతేనా?"

గంతే. కటాఫ్ అనే మాటకు ఇంతకంటే మంచి తెలుగు వివరణ నేను ఏ కోచింగ్ క్లాసులోనూ వినలేదు.

వరి పోలికతో క్యాట్‌లో ఇంకో చిక్కు కూడా తేలిగ్గా అర్థమవుతుంది. పరీక్ష ఒకే రోజు మూడు పూటల్లో, మూడు వేరు వేరు పేపర్లతో జరుగుతుంది. ఒకరికి రేగడి, ఒకరికి చెల్క, ఒకరికి ఇసుక నేల వచ్చినట్టు. క్వింటాళ్లను నేరుగా పోలిస్తే అన్యాయం. అందుకే మార్కులను ఒక స్కేలు మీదికి తెస్తారు, దాన్నే నార్మలైజేషన్ అంటాం. మన ఆన్సర్ షీటులో లెక్కేసుకున్న మార్కులకూ స్కోర్‌కార్డులో పడ్డ స్కోరుకూ తేడా రావడానికి కారణం ఇదే. ఎవరో మోసం చేశారని కాదు.

కొనేవాళ్ల లెక్క కూడా చూడాలి. 2024 వానాకాలం పంట నుంచి మన రాష్ట్రంలో సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ వచ్చింది, దొడ్డు వడ్లకు రాలేదు. బరువు అదే అయినా లెక్క వేరు. ఐఐఎంలు కూడా క్యాట్ స్కోరు ఒక్కటే చూడవు. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగ అనుభవం, ఇంటర్వ్యూ అన్నీ కలుపుతాయి. ఇంజనీరింగ్ కాని డిగ్రీ చదివినవాళ్లకు, అమ్మాయిలకు కొన్ని ఐఐఎంలు అదనపు పాయింట్లు ఇస్తాయి. చాలా ఐఐఎంలు మొత్తం పర్సంటైల్‌తోపాటు మూడు సెక్షన్లకూ విడివిడిగా కనీస హద్దులు పెడతాయి. కాబట్టి ఒకే పర్సంటైల్ ఉన్న ఇద్దరిలో ఒకరికి పిలుపు వచ్చి, మరొకరికి రాకపోవడం మామూలే. పిలుపు రాలేదంటే అన్నిసార్లూ అర్థం "తెలివి చాలలేదు" అని కాదు.

3. ఈ కొలత దేన్ని కొలవదు

క్యాట్ కొలిచేది ఇది: ఒక ఆదివారం, 120 నిమిషాల్లో, ఒక్కో సెక్షన్‌కు 40 నిమిషాల చొప్పున, ఇంగ్లిషు చదివి అర్థం చేసుకోవడం, పట్టికలూ పజిళ్లూ విప్పడం, లెక్కలు చేయడం. అది చిన్న విషయమేం కాదు. కానీ మనుషులను నమ్మించి పని చేయించడం, అప్పు లెక్క తప్పకుండా దుకాణం నడపడం, ఓపిక, మాట మీద నిలబడటం ఈ పేపర్లో ఎక్కడా లేవు. ఎంబీఏ పూర్తయ్యాక చేసే పనిలో సగం ఇవే. ఆసుపత్రిలో బీపీ చూసి "నువ్వు మంచివాడివి కాదు" అని ఎవరూ అనరు కదా. పర్సంటైల్ చూసి మనల్ని మనం అట్లా అనుకోవడం కూడా అంతే.

ఇంకో సంగతి మన రాష్ట్రం మరిచిపోకూడనిది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల్లో భారీగా తప్పులు దొర్లాయి. తెలుగు పేపర్లో సున్నా పడ్డ ఒక విద్యార్థినికి మళ్లీ చూస్తే 99 మార్కులు ఉన్నాయి. ఆ రోజుల్లోనే ఫలితాలు చూసి చాలామంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడాది ఇంటర్ ఫలితాల వార్తలు చదివిన మన తరానికి ఒక పాఠం గుర్తుండాలి: కాగితం మీది అంకె తప్పు కావచ్చు, మళ్లీ దిద్దవచ్చు. మనిషిని అట్లా మళ్లీ దిద్దలేం. అంకె ఎంత కచ్చితమైనదైనా సరే, ప్రాణంతో తూచదగింది కాదు.

4. మొదటి వారం

ఫలితం వచ్చిన మొదటి మూడు నాలుగు రోజుల్లో పెద్ద నిర్ణయం ఏదీ తీసుకోవద్దు. "ఇంక జన్మలో రాయను", "ఉద్యోగం వదిలి ఏడాదంతా ఇదే చదువుతా", "ఎక్కడైనా సరే సీటు కొనేద్దాం" అన్న మూడు మాటలూ ఆ రోజుల్లోనే పుడతాయి. మూడూ బాధలోంచి వచ్చేవే, లెక్కలోంచి వచ్చేవి కావు.

ఆ రోజుల్లో చేయదగినవి కొన్నే. ఒక్క మనిషికైనా పూర్తిగా చెప్పండి: స్కోరెంత, అనుకున్నదెంత, ఇప్పుడెట్లా ఉంది. అందరికీ చెప్పక్కర్లేదు. వాట్సాప్ గ్రూపులను వారంపాటు మ్యూట్‌లో పెట్టండి. వేళకు తినండి. ఎవరైనా "ఎంత?" అని అడిగితే చెప్పడానికి ఒక వాక్యం ముందే అనుకొని పెట్టుకోండి. "అనుకున్నంత రాలేదు, ఇప్పుడు వేరేవి చూస్తున్న" అంటే చాలు, అక్కడితో ఆగిపోతుంది.

నిద్ర పట్టక, తిండి సహించక వారం దాటిపోతుంటే, లేదా బతుకు మీద విరక్తి మాటలు లోపల తిరుగుతుంటే, అది పరీక్ష సమస్యగా మిగల్లేదని అర్థం. టెలిమానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడవచ్చు. రూమ్మేట్‌లో ఈ లక్షణాలు కనిపిస్తే వాడిని ఒంటరిగా వదలకండి. "ఏమైంది?" అని సూటిగా అడగండి, పక్కన కూర్చొని మీరే ఫోను కలపండి. వార్డెన్‌కో ఇంట్లోవాళ్లకో చెప్పడాన్ని చాడీ అనుకోవద్దు.

5. కాగితం విప్పి చూద్దాం

ల్యాబ్‌లో సర్క్యూట్ పనిచేయకపోతే బోర్డంతా చెత్తబుట్టలో వేయం కదా. ఏ పాయింట్ దగ్గర వోల్టేజ్ పడిపోయిందో మల్టీమీటర్ పెట్టి చూస్తాం. ఫలితాన్ని కూడా అట్లాగే చూడొచ్చు. క్యాట్ అయ్యాక మన జవాబుల షీటు, ఆన్సర్ కీ రెండూ వెబ్‌సైట్‌లో పెడతారు. పీడీఎఫ్ దించుకొని పెట్టుకోండి, తర్వాత లింకు ఉండకపోవచ్చు.

నా మిత్రుడు ఒకడు తన షీటు ఇచ్చి వాడుకొమ్మన్నాడు. పేరు అడగొద్దన్నాడు. వాడి లెక్క ఇది. 68 ప్రశ్నల్లో సరైనవి 23. ఆప్షన్లున్న ప్రశ్నల్లో తప్పులు 18. జవాబు టైపు చేసే ప్రశ్నల్లో తప్పులు 4. వదిలేసినవి 23. ఆప్షన్ల ప్రశ్నకు తప్పు జవాబైతే ఒక మార్కు పోతుంది, టైపు చేసే ప్రశ్నకు పోదు. కాబట్టి 23 × 3 − 18 = 51 మార్కులు.

ఇక్కడితో ఆగితే "51 వచ్చింది, పోయింది" అంతే మిగులుతుంది. మేమిద్దరం ఒక సాయంత్రం కూర్చొని ఆ 18 తప్పులను మూడు కుప్పలు చేశాం.

మొదటి కుప్ప: అసలు తెలియనివి, 5. చదవాల్సిన పాఠాలు ఇవే.

రెండో కుప్ప: తెలిసి కూడా తప్పుపోయినవి, 6. ప్రశ్నలో "కనీసం" అని ఉంటే "గరిష్ఠం" కనిపెట్టడం, కూడికలో తప్పు, యూనిట్ మర్చిపోవడం. ఇవి కొత్త పాఠాలు చదివితే పోవు. తప్పు జవాబు సరైనదైతే పోయిన ఒక మార్కు వెనక్కొచ్చి, పైన మూడు వస్తాయి. అంటే ఒక్కోటి 4 మార్కుల తేడా. ఆరింటికి 24 మార్కులు. 51 కాస్తా 75 అవుతుంది. వరుస మధ్యలో జనం ఒత్తుగా ఉంటారు కాబట్టి అక్కడ 24 మార్కులంటే వేలమందిని దాటడం.

మూడో కుప్ప: చివరి నిమిషంలో గుడ్డిగా టిక్కు పెట్టినవి, 7. అట్లా పెట్టినవి మొత్తం 9, అందులో రెండు కలిసొచ్చాయి. వచ్చింది 6, పోయింది 7. నికరం మైనస్ ఒకటి.

ఈ మూడో కుప్ప దగ్గర మనం సెకండ్ ఇయర్‌లో చదివిన ప్రాబబిలిటీ పనికొస్తుంది. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే సగటున వచ్చేది: నాలుగో వంతు × 3 − ముప్పావు వంతు × 1 = 0. దేవుడి మీద భారం వేసి ఎన్ని పెట్టినా సగటు సున్నానే. ఒక ఆప్షన్ తప్పని కచ్చితంగా తెలిసి తీసేస్తే మిగిలిన మూడింటిలో ఒకటి పెట్టొచ్చు. అప్పుడు సగటు మూడో వంతు మార్కు. రెండు తీసేయగలిగితే సగటు ఒక మార్కు. కాబట్టి నియమం ఇది: ఒక్క ఆప్షన్‌నైనా కారణంతో కొట్టేయగలిగితేనే టిక్కు. టైపు చేసే ప్రశ్నకు నెగెటివ్ లేదు కనుక తోచిన జవాబు రాయాలి, ఖాళీగా వదలొద్దు.

వదిలేసిన 23లో కూడా బంగారం ఉంది. వాటిని గడియారం పెట్టుకొని మళ్లీ చేస్తే 8 ప్రశ్నలు ఒక్కోటి రెండు నిమిషాల్లోపే వచ్చాయి. పరీక్షలో వాడు వాటి దాకా వెళ్లనే లేదు, అంతకుముందే ఒక పజిల్ దగ్గర పావుగంట కూరుకుపోయాడు. క్యాట్‌లో సగటున ఒక ప్రశ్నకు దొరికేది 106 సెకన్లు. అందులో పావుగంట అంటే ఎనిమిది ప్రశ్నల కాలం. ఏది చేయాలి అనేదానికంటే ఏది వదలాలి అనే సాధన వాడికి ఎక్కువ కావాలని తేలింది.

ఆ సాయంత్రం తర్వాత వాడు "నాకు రాదు" అనడం మానేశాడు. "ఆరు అజాగ్రత్తవి, ఐదు తెలియనివి, ఎనిమిది అందనివి" అంటున్నాడు. బాధ పోలేదు గానీ, దానికో ఆకారం వచ్చింది. ఆకారం ఉన్నదాన్ని పట్టుకోవచ్చు.

6. తెలుగు మీడియం వాళ్లకు ఒక సెక్షన్

మనలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ల స్కోర్‌కార్డుల్లో తరచూ ఒకే బొమ్మ కనిపిస్తుంది: లెక్కల్లో మంచి పర్సంటైల్, ఇంగ్లిషు సెక్షన్‌లో పాతాళం. 2024 పేపర్లో ఆ సెక్షన్‌లో 24 ప్రశ్నలుంటే 16 నాలుగు పెద్ద పేరాల మీదే వచ్చాయి. గ్రామర్ రూల్సూ, మాటల పట్టికలూ బట్టీ పట్టి దీన్ని దాటలేం. అడిగేది ఇంగ్లిషు మాత్రమే కాదు. రచయిత ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు, ఎక్కడ ఒప్పుకోవడం లేదు అనేవి అడుగుతారు.

ఇది తెలుగులో కూడా చేయదగిన సాధనే. మన క్లబ్బులో కొందరం వారానికి రెండు రోజులు ఇట్లా చేస్తున్నాం. తెలుగు దినపత్రిక ఎడిటోరియల్ పేజీలో ఒక వ్యాసం తీసుకుంటాం. చదివి కాగితం మీద మూడు వాక్యాలు రాస్తాం: రచయిత వాదన ఏమిటి, దానికి ఇచ్చిన ఆధారం ఏమిటి, రచయిత ఎవరితో విభేదిస్తున్నాడు. తర్వాత కాగితాలు మార్చుకొని చూస్తే ఒకే వ్యాసానికి నాలుగు రకాల "వాదనలు" బయటపడతాయి. అప్పుడు అర్థమవుతుంది, మనకు రానిది ఇంగ్లిషు ఒక్కటే కాదు, నిదానంగా చదవడం కూడా. ఈ పని తెలుగులో చేతికి వచ్చాక ఇంగ్లిషు సంపాదకీయం మీద అదే మూడు వాక్యాలు రాయండి. మాటలు తెలియకపోవడం అప్పుడు చిన్న సమస్యగా మిగులుతుంది. ఇదేం ఒక నెలలో అయ్యేది కాదు, ఆరేడు నెలలైనా పడుతుంది. అందుకే ఇప్పుడు థర్డ్ ఇయర్‌లో ఉన్నవాళ్లకు ముందే చెప్తున్నాను.

7. ముందున్న దారులు, వాటి ధరలు

డిసెంబరులో తలుపు ఒకటి మూసుకుంటే క్యాలెండర్ మూసుకోదు. జనవరి మొదటి ఆదివారం ఎక్స్‌ఏటీ. ఏఐఎంఏ వాళ్ల మ్యాట్ ఏడాదిలో కొన్నిసార్లు జరుగుతుంది. ఎన్‌టీఏ పెట్టే సీమ్యాట్ ఉంది. అయితే వీటి వెంట గుడ్డిగా పరిగెత్తొద్దు. ప్రతి ఫారానికీ ఫీజుంది, ప్రతి పరీక్షకూ ప్రయాణముంది. ఏ పరీక్షతో ఏ కాలేజీ, ఆ కాలేజీలో చేరతామా లేదా అన్నది తేలాకే ఫారం నింపాలి.

మన చేతికి దగ్గరగా ఉన్నది ఐసెట్. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, ప్రశ్నకు 45 సెకన్లు. అనలిటికల్ 75, మ్యాథ్స్ 75, కమ్యూనికేషన్ 50. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. అనలిటికల్, మ్యాథ్స్ ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. క్యాట్‌కు చదివినవాళ్లకు సిలబస్ కొత్త కాదు, వేగం కొత్త. ఉస్మానియా, కాకతీయ లాంటి యూనివర్సిటీ కాలేజీల్లో మంచి ర్యాంకుతో తక్కువ ఫీజుకు సీటు రావచ్చు. అర్హత ఉన్నవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా ఉంటుంది. "ఐసెటా?" అని ముక్కు విరిచేవాళ్లు మన దగ్గర ఉన్నారు. వాళ్లు మన ఫీజు కట్టరు.

ఫలితాలు వచ్చిన వారంలోనే మరో రకం ఫోన్లు మొదలవుతాయి: "మీ స్కోరుకు బెంగళూరులో సీటుంది, ఈ వారమే కట్టాలి." అట్లాంటి ఫోను వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఏఐసీటీఈ అనుమతి లేదా యూనివర్సిటీ గుర్తింపు ఉందా? హాస్టలు, పుస్తకాలు కలిపి రెండేళ్ల మొత్తం ఖర్చెంత? జీతాల్లో మధ్య విలువ, అంటే మీడియన్, ఎంత? యావరేజ్ చెప్తే ఒప్పుకోవద్దు. ఎందుకో చూడండి. పదిమందిలో తొమ్మిది మందికి ఏడాదికి 4 లక్షలు, ఒకడికి 34 లక్షలు వచ్చాయనుకోండి. యావరేజ్ 7 లక్షలు. కానీ ఆ పదిమందిలో ఏడు లక్షలు వచ్చినవాడు ఒక్కడూ లేడు. మీడియన్ 4 లక్షలు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ వెబ్‌సైట్‌లో కాలేజీలు ఇచ్చిన వివరాల్లో మీడియన్ జీతం ఉంటుంది, తీసి చూడండి.

ఇప్పుడు అప్పు లెక్క. 10 లక్షలు, 10 శాతం వడ్డీ, పదేళ్లు. నెలకు కట్టేది సుమారు 13,200 రూపాయలు. ఏడాదికి 4 లక్షల జీతమంటే కోతలు పోను చేతికొచ్చేది నెలకు ముప్పై వేల చుట్టుపక్కల. అద్దె, తిండి తీసేస్తే ఏం మిగులుతుందో మీరే చూసుకోండి. పెద్ద ఐఐఎంలలో రెండేళ్ల ఫీజు 20 లక్షలు దాటింది. కానీ అక్కడి జీతాలు ఆ అప్పును మోయగలవు. 2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపికైన సంస్థల్లో సీటొస్తే తనఖా, పూచీ లేకుండా అప్పు దొరుకుతుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల అప్పు దాకా వడ్డీలో 3 శాతం రాయితీ కూడా ఉంది. అంటే అప్పు తప్పు కాదు. ఏ కాలేజీ కోసం అన్నదే ప్రశ్న. ఇంట్లో ఎకరం అమ్మి మీడియన్ తెలియని కాలేజీలో కట్టడం మాత్రం చేయొద్దు. ఈ ఏడాది నిరాశను వచ్చే పదేళ్ల కిస్తీగా మార్చుకోవడమే అది.

మరో దారి ఉద్యోగం చేస్తూ మళ్లీ రాయడం. క్యాట్‌ను ఎన్నిసార్లయినా రాయొచ్చు. స్కోరు ఒక్క అడ్మిషన్ ఏడాదికే పనిచేస్తుంది. అదే గేట్ స్కోరు అయితే మూడేళ్లు ఉంటుంది. పని అనుభవానికి చాలా బిజినెస్ స్కూళ్లలో విలువ ఉంది. హైదరాబాదులో 2001లో మొదలైన ఐఎస్‌బీ ఏడాది కోర్సు ఎక్కువగా ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్ల కోసమే, దానికి జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ స్కోరు చూస్తారు. అంటే ఇరవై రెండేళ్లకు చేరకపోతే బండి వెళ్లిపోయినట్టు కాదు. నేను ఎంచుకున్నది ఈ దారే: క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగంలో చేరడం, ఐసెట్ కూడా రాయడం, నవంబరులో మళ్లీ క్యాట్. ఏడాదంతా ఖాళీగా కూర్చొని చదవడం మా ఇంటి లెక్కకు సరిపడదు. ఇంకొకరి ఇంటికి సరిపడొచ్చు. అందుకే ఈ నిర్ణయం ఎవరిది వాళ్లే లెక్కేసుకోవాలి.

8. సత్య నాదెళ్ల కథ గురించి ఒక మాట

ఇట్లాంటప్పుడు పెద్దవాళ్లు తప్పకుండా ఒక కథ చెప్తారు. హైదరాబాదు కుర్రాడు సత్య నాదెళ్ల ఐఐటీ ఎంట్రన్స్‌లో తప్పాడు, మణిపాల్‌లో చదివాడు, మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాడు. కథ నిజమే, ఆయనే తన పుస్తకంలో రాసుకున్నాడు. కానీ దాన్ని "పరీక్ష పోతే పెద్దవాళ్లవుతారు" అని చదవకూడదు. పరీక్ష పోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు, సీఈఓ ఒక్కడే. గెలిచినవాళ్ల కథలు మాత్రమే మన దాకా వస్తాయి. ఆ కథతో పోల్చుకుంటే రెండోసారి ఓడిపోయినట్టు అనిపిస్తుంది, అంతే.

ఆయన కథలో పనికొచ్చే ముక్క చిన్నది. ఐఐటీ రాకపోయినా చదువు ఆపలేదు. దొరికిన కాలేజీలో ఇంజనీరింగ్ చేశాడు, తర్వాత అమెరికాలో మాస్టర్స్ చేశాడు, ఉద్యోగం చేస్తూనే షికాగోలో ఎంబీఏ కూడా చేశాడు. ఒక పరీక్ష తర్వాత మరో పని, దాని తర్వాత ఇంకో పని. ఆ ముక్క మనలో ఎవరికైనా సాధ్యమే. మన చుట్టూ అట్లా నడిచినవాళ్లు, పత్రికల్లో పడనివాళ్లు, ఎంతోమంది ఉన్నారు. మీ సీనియర్లలో ముగ్గురికి ఫోన్ చేసి "క్యాట్ రానప్పుడు ఏం చేశారు?" అని అడగండి. సీఈఓ కథ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

9. రాసుకోవాల్సిన నాలుగు వాక్యాలు

ఈ పాఠానికి హోంవర్కు ఉంది. ఒక తెల్లకాగితం తీసుకొని, మీ ఇంటి తెలుగులో, పర్సంటైల్, కటాఫ్ లాంటి మాటలు వాడకుండా నాలుగు వాక్యాలు రాయండి.

ఒకటి: ఎంతమందిలో నేను ఎక్కడ నిలబడ్డాను.

రెండు: నేను పోదామనుకున్న చోటికి ఇంకా ఎంత దూరం ఉంది.

మూడు: ఆ దూరంలో తెలియనిది ఎంత, తెలిసీ తప్పుపోయింది ఎంత, అందక వదిలేసింది ఎంత.

నాలుగు: వచ్చే ఆరు నెలల్లో నేను చేసేదేమిటి, దానికయ్యే ఖర్చెంత, అది ఎవరు భరిస్తారు.

రాశాక ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. వాళ్లకు అర్థం కాని వాక్యం ఏదైనా ఉంటే, అది మీకూ ఇంకా పూర్తిగా అర్థం కాలేదన్నమాట. దాన్ని మళ్లీ రాయండి. నాలుగూ అర్థమైతే వాళ్లు ప్రశ్నలడగడం మొదలుపెడతారు. ఆ ప్రశ్నలకు జవాబులు వెతకడంతోనే వచ్చే ఏడాది పని మొదలవుతుంది.